గజ్జెల మేడ బోర్డు రాయించింది నేనే

పార్లమెంటులో ఒక బిల్లు రావడానికి నేను కారణం. ఈ సంగతి నా సర్వీసు పుస్తకంలో లేదు. పదవీ విరమణ నాడు శాలువా కప్పి మాట్లాడినవాళ్ళు కూడా ఎత్తలేదు. నేను ముప్పై ఎనిమిదేళ్ళు పాత కట్టడాలను కాపాడే శాఖలో, తిరుపతి ఆఫీసులో పనిచేశాను. చిత్తూరు చుట్టుపక్కల ఉన్న పాత గోడలూ బురుజులూ మండపాలూ పడిపోకుండా చూడటం నా పని. వాటి పేర్లతో నాకు సంబంధం లేదనుకునేవాణ్ణి. అలా అనుకోవడం వల్ల ఏం జరిగిందో, ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను.

మా పని

మా శాఖ పేరు చెప్పగానే జనం తవ్వకాలు, బంగారు నాణేలు, రాగి రేకులు అనుకుంటారు. ఇన్నేళ్ళలో నా కళ్ళ ముందు భూమిలోంచి బయటపడిన ఒకే ఒక్క నిధి, ఎవరో పారేసుకున్న ఇంటి తాళం చెవుల గుత్తి. మా పనిలో ఎక్కువ భాగం గోడల్లో మొలిచిన మొక్కలు పీకించడం, మేకలు తోలుకొచ్చేవాళ్ళతో తగవు పడటం, గోడ మీద పేర్లు చెక్కే జంటల్ని బతిమాలడం. వానాకాలానికి ముందు కప్పు చూడాలి. వానాకాలం తర్వాత పునాది చూడాలి. మిగతా రోజుల్లో జీపు కోసం చూడాలి.

రాయి గురించీ సున్నం గురించీ మీకు శిక్షణలో నేర్పిస్తారు. పేర్ల గురించి ఎవరూ నేర్పరు. మీ కంటే ముందున్నవాడు ఏం రాశాడో చూసి అదే రాయమంటారు. ఆ ముందున్నవాడు కూడా అలాగే రాశాడని మీకు ఎవరూ చెప్పరు.

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, ఘాటు ఎక్కకముందు ఎడమ పక్కకి తిరిగితే మేడమిట్ట అనే ఊరొస్తుంది. ఊరి చివర రెండంతస్తుల పాత మేడ ఉంది. కింద ఏడు కమానులు, పైన ఒక పెద్ద సావడి. సావడి గోడలకు అద్దంలా నున్నటి సున్నపు పూత. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చెయ్యి పెట్టినా చల్లగా తగులుతుంది. ఎవరు కట్టించారో తెలియదు. విజయనగర కాలం చివర్లోనో, ఆ తర్వాత పాలెగాళ్ళ రోజుల్లోనో అని మావాళ్ళు రాసుకున్నారు.

జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాల్లో అదొకటి. అంటే దాని పేరు ఒక చట్టానికి జత చేసిన జాబితాలో ఉంది. ఇంగ్లీషులో ఉంది. ఆ అక్షరాల్ని కూడబలుక్కుని చదివితే ‘గజ్జి మేడ’ అని వస్తుంది.

బస్టాండు దగ్గర కాఫీ

నేను చేరిన రెండో ఏడు ఒక పెద్ద అధికారి పర్యటన ఖాయమైంది. అప్పటిదాకా మా కట్టడాల దగ్గర ఇంగ్లీషు బోర్డులే ఉండేవి. ఆయన వచ్చేలోపు అన్నిచోట్లా తెలుగు బోర్డులు కూడా పెట్టాలని మా సూపరింటెండెంట్ రంగనాథం గారు నిర్ణయించారు. వారం గడువిచ్చి పని నాకు అప్పగించారు.

రంగనాథం గారు చెడ్డవారు కారు. ఆయనకు ఒక్కటే సూత్రం, జాబితాలో ఉన్నది ఉన్నట్టు రాయడం. నేను జాబితా తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, ఆ ఒక్క పేరు మీద వేలు పెట్టాను.

“సార్, ఇది గజ్జి మేడ అని ఉంది.”

“ఉంటే?”

“తెలుగులో అట్లా రాస్తే బాగుండదేమో సార్.”

ఆయన కళ్ళజోడు తీసి జాబితాను దగ్గరగా పెట్టుకుని చదివారు. “నిజమే. పెద్దాయన కారు దిగి మొదట చదివేది అదే. ఏదైనా చూసి సర్దు” అన్నారు.

చిత్తూరు బస్టాండు ఎదురుగా ఒక కాఫీ హోటల్లో బోర్డుల పెయింటరుతో కూర్చున్నాను. మిగతా పేర్లన్నీ ఇచ్చేశాను. ఇది ఒక్కటి మిగిలింది. పెయింటరు కాఫీ తాగుతూ, “గజ్జెలేమో సార్” అన్నాడు. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఇంగ్లీషులో రాసే గుమాస్తా ఎవడో ఒక అక్షరం మింగేసి ఉంటాడనుకున్నాను. “అయితే గజ్జెల మేడ అని రాయి” అన్నాను.

మేడమిట్టకు అక్కణ్ణుంచి గంటకో బస్సు ఉండేది. పోయి, ఎదురుపడిన మొదటి మనిషిని ఈ మేడను మీరేమంటారని అడిగి, తిరిగొచ్చేసరికి సాయంత్రం అయ్యేది. అంతకంటే ఏమీ అయ్యేది కాదు. నేను పోలేదు.

పెద్ద అధికారి మేడమిట్టకు రాలేదు. తిరుమల దర్శనం చేసుకుని వెళ్ళిపోయారు. బోర్డు మాత్రం ఉండిపోయింది. ఊళ్ళో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ప్రభుత్వం రాసింది కాబట్టి తమకు తెలియనిదేదో ప్రభుత్వానికి తెలిసి ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. వాళ్ళు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి రాసింది సరైనదేనని మేం అనుకున్నాం.

కొన్నేళ్ళకు చిత్తూరులో ఒక రిటైర్డు మాస్టారు చుట్టుపక్కల చూడదగ్గ స్థలాల మీద చిన్న పుస్తకం వేశారు. అందులో మా మేడకు ఒక పేజీ ఇచ్చారు. ఒక రాజు ఒక నాట్యగత్తె కోసం ఆ మేడ కట్టించాడట. పై సావడిలో ఆమె ఆడేదట. గాలి గట్టిగా వీస్తే ఇప్పటికీ గజ్జెల చప్పుడు వినిపిస్తుందట. మాస్టారు అబద్ధం రాయాలని రాయలేదు. గజ్జెల మేడ అన్నాక గజ్జెలు కట్టుకున్న మనిషి ఒకరు ఉండాలి కదా అని ఆలోచించారు. ఆ పుస్తకం మా ఆఫీసుకు వస్తే నేనే అలమరలో పెట్టాను.

ఖాదర్ మేస్త్రీ

నా సర్వీసులో పన్నెండో ఏడు పెద్ద వానలు పడి మేడ పడమటి గోడ పూత ఊడింది. అప్పటికి రంగనాథం గారు బదిలీ అయి ఇంకో అధికారి వచ్చారు. ఆయనకు పని తొందరగా కావాలి. సిమెంటుతో పూయించమని ఆర్డరు వేశారు. చంద్రగిరిలో ఖాదర్ బాషా అని సున్నపు పనిలో మంచి చెయ్యి ఉన్న మేస్త్రీ ఉంటే పిలిపించాను. ఆయన గోడ మీద అరచెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. తర్వాత చేతులు దులుపుకున్నాడు.

“నేను సెయ్యను సార్. వేరే మేస్త్రీని సూసుకోండి.”

“ఎందుకప్పా?”

“ఇది సున్నం గోడ. లోపల తడి ఉంటాది. అది బయటికి రావాల. మీరు సిమెంటు పూసి నోరు మూసేస్తే అది యాడికి పోతాది? లోపలే ఉండి గోడను తినేస్తాది.”

“ఆర్డరు అయిపోయింది మేస్త్రీ.”

“ఆర్డరు మీకు అయింది సార్. గోడకు కాలేదు.”

వేరే మేస్త్రీ దొరికాడు. సిమెంటు పూశాం. మూడో వానాకాలానికి ఆ పూత పలకలు పలకలుగా ఊడి, దాన్ని పట్టుకున్న పాత ఇటుకను కూడా లాక్కుని కింద పడింది. వందల ఏళ్ళు నిలబడ్డ గోడకు మనిషి దూరేంత కంత పడింది. ఆర్డరు వేసిన అధికారి అప్పటికి వేరే రాష్ట్రంలో ఉన్నారు. నేను చంద్రగిరి పోయి ఖాదర్ ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన ముందే చెప్పానని అనలేదు. చొక్కా తొడుక్కుని వచ్చాడు.

గుంత తవ్వించి సున్నాన్ని నెల రోజులు నీళ్ళలో నానబెట్టించాడు. నాకు ఇంత ఆలస్యమేమిటనిపించింది. నానిన సున్నంలో సన్నటి ఇసుక కలిపి మెత్తగా నూరించాడు. కరక్కాయ నానిన నీళ్ళూ బెల్లం నీళ్ళూ పోయించాడు. పూశాక చివర్లో గుండ్రాయితో గంటల తరబడి రుద్దాడు. గోడ మెల్లగా మెరుపు తిరిగింది. నేను కమాను కింద కూర్చుని చూస్తూ, “ఈ పనిని ఏమంటారు మేస్త్రీ?” అని అడిగాను.

“గచ్చు అంటారు సార్. పేరులోనే ఉండాది కదా. గచ్చుమేడ.”

“బోర్డు మీద గజ్జెల మేడ అని ఉందే.”

“బోర్డు సంగతి నాకు తెలీదు సార్. నాకు సదువు రాదు. మా నాయన, మా తాత అందురూ గచ్చుమేడ అనే అనేవాళ్ళు.”

ఆ క్షణంలోనే నాకు మొత్తం అర్థమైంది. గచ్చు అన్న మాట విని, దొరల కాలంలో ఎవరో గుమాస్తా ‘చ్చు’ చోట ‘జ్జి’ రాశాడు. ఆ తప్పును నేను తెలుగులోకి దించుతూ గజ్జెలు కట్టాను.

మీకు చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. బస్టాండులో చేసింది అజ్ఞానం. దాన్ని క్షమించవచ్చు. ఖాదర్ చెప్పాక నేను చేసింది వేరు. బోర్డు మార్చాలంటే ఎందుకు మార్చాలో పైవాళ్ళకు చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే మొదట ఎవరు రాయించారో చెప్పాలి. రేపు చూద్దాం అనుకున్నాను. ఒక బోర్డు మీద ఒక మాట తప్పుంటే ఎవరికి నష్టం అని కూడా అనుకున్నాను. అలా ఇరవై మూడేళ్ళు ఊరుకున్నాను. ఆ మధ్యలో బోర్డు వెలిసిపోతే రెండుసార్లు పాత పేరుతోనే మళ్ళీ రంగు వేయించాను.

రెండు లైన్ల జవాబు

నేను రిటైరు కావడానికి నాలుగు నెలల ముందు ఢిల్లీ నుంచి ఒక కాగితం వచ్చింది. మా ప్రాంతం పార్లమెంటు సభ్యుడొకరు సొంతంగా ఒక బిల్లు పెట్టారు. చట్టం జాబితాలో ఉన్న మేడ పేరు తీసేసి, ‘బసప్ప నాయని ప్రాసాదం’ అని చేర్చాలని ఆ బిల్లు కోరుతోంది. ఎందుకు మార్చాలో చెప్పే పేరాలో ఇలా ఉంది: ఈ కట్టడానికి ఇంగ్లీషులో చర్మవ్యాధి పేరు, తెలుగులో ఒక నాట్యగత్తె అందెల పేరు ఉండటం ఈ ప్రాంత గౌరవానికి తగదు, దీన్ని కట్టించిన వీరుడి పేరు పెట్టాలి.

బసప్ప నాయడు అనే పాలెగాడు మా రికార్డుల్లో ఎక్కడా లేడు. లేడని రుజువు చేయడం కూడా కష్టమే. బిల్లు మీద మా శాఖ అభిప్రాయం చెప్పమన్నారు.

అప్పటి మా అధికారిణి విశాఖ వైపు ఆమె. తెలివైన మనిషి. ఫైలు నా ముందుకు తోసి, “చెంగల్రాయుడు గారూ, రెండు లైన్లు చాలు. అభ్యంతరం లేదని రాసేయండి. ఇలాంటి బిల్లులు పాసవ్వవు, మనం గొడవ పెట్టుకోవడమెందుకు?” అన్నారు.

“మేడమ్, ఆ పేరాలో తెలుగు పేరు అని రాసింది నేను పెట్టిన పేరండీ.”

ఆమె కూర్చోమన్నారు. నేను గజ్జి నుంచి గచ్చు దాకా చెప్పాను. ఆమె నవ్వలేదు.

“ఇంకా నాలుగు నెలలే కదండీ మీకు. ఇప్పుడెందుకు?”

అబద్ధం చట్టంలోకి ఎక్కబోతోందని భయం వేసిందని అప్పుడు చెప్పాను. నిజానికి నా భయం చిన్నది. రిటైరయ్యాక బస్సులో ఆ దారిన పోతూ ఆ బోర్డు చూడాల్సి వస్తుందని.

“ఊరికి పోయి విచారించి రాస్తాను మేడమ్” అన్నాను. ముప్పై ఆరేళ్ళ కిందట గంటకో బస్సు ఉన్న ఊరికి.

రాతి చక్రం

ఖాదర్ మేస్త్రీకి అప్పటికి డెబ్బై దాటింది. మోకాళ్ళు పనిచేయడం లేదు. అయినా వస్తానన్నాడు. ఇద్దరం ఆటోలో మేడమిట్ట పోయి, మేడకు ఆనుకుని ఉన్న మొదటి ఇంటి తలుపు తట్టాం. ఆ ఇల్లు నాగరత్నమ్మది. దాదాపు నా వయసుంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది, రెండు ఆవులతో ఒక్కతే ఉంటోంది. మా ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, వచ్చిన పని విని, అరుగు మీద కూర్చుంది.

“మార్చేయండి సార్. ఏ పేరన్నా పెట్టండి. ఆ గజ్జెల పేరు మాత్రం తీసేయండి.”

“నీకేమైందమ్మా ఆ పేరుతో?”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. గొంతు పెంచలేదు, కన్నీళ్ళు పెట్టుకోలేదు. ఆవుల గురించి చెప్పినట్టే చెప్పింది.

“నేను కాపరానికొచ్చినప్పుడు మమ్మల్ని గానుగోళ్ళు అనేవాళ్ళు. ఆ పుస్తకం వచ్చినాక గజ్జెలోళ్ళు అయినాము. మేడ కాడ ఉండేది మా ఇల్లొక్కటే కదా. ఆ ఆడామె సంతతి మేమేనంట. మా ఆయన తిరణాలలో ఒకణ్ణి కొట్టి స్టేషనుకు పోయొచ్చినాడు. అది పోనీ సార్. నా కూతురు ఇందిర ఎనిమిది సదువుతా ఉన్నింది. అయ్యవారు పిల్లోళ్ళనందర్నీ మేడ సూపించను తోలుకొచ్చి, కథంతా చెప్పి, ‘ఆమె వంశమోళ్ళు ఇప్పుటికీ ఈ ఇంట్లోనే ఉండారు’ అని మా ఇల్లు సూపించినాడు. నా బిడ్డ ఆ వరుసలోనే నిలబడి ఉండాది. మరుసటి దినం నుంచి బడికి పోతే సాలు, ‘ఏందే, గజ్జెలు యాడ?’ అనేది. పదైదు దినాలు పోయింది. ఆ పొద్దు నుంచి పోలేదు. కొట్టినా పోలేదు.”

“ఎన్నేళ్ళ కిందటమ్మా?”

ఆమె వేళ్ళ మీద లెక్క వేసి చెప్పింది. నేనూ లోపల లెక్క వేసుకున్నాను. ఖాదర్ నాకు అసలు పేరు చెప్పిన రెండేళ్ళకు జరిగింది ఇది. ఒక బోర్డు మీద ఒక మాట తప్పుంటే ఎవరికి నష్టం అని నేను అనుకున్నాక.

నాట్యం చేసినామె వంశంలో పుట్టడం తప్పెలా అవుతుందని మీరు అనవచ్చు. నేనూ అదే అంటాను. తిరుపతి ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని ఆ మాట అనడం తేలిక. పదమూడేళ్ళ పిల్ల వరుసలో నిలబడి ఉన్నప్పుడు అది ఎవరికీ గుర్తురాదు.

ఖాదర్ కర్ర పట్టుకుని ఇంటి వెనక్కి నడిచాడు. అక్కడ ఆవులు కట్టేసిన చోట ఒక పెద్ద రాతి చక్రం సగం భూమిలో దిగబడి పడి ఉంది. దాని మీద ఆరేసిన గుడ్డలున్నాయి. ఆయన గుడ్డలు పక్కకు జరిపి, చక్రం అంచు తడిమి, మమ్మల్ని పిలిచాడు.

“ఇది ఎవరిదమ్మా?”

“మా మామోళ్ళ కాలం నుంచి ఈడనే ఉండాది. నూనె గానుగదనుకుంటాండా. అందుకే గానుగోళ్ళు అన్నారేమో.”

“నూనె గానుగకు ఇంత సెక్రం ఉండదమ్మా. ఇది గచ్చు గానుగ. గుండ్రంగా రాతి కాలవ ఉంటాది. దాంట్లో సున్నం, ఇసుక పోసి ఎద్దును కడితే ఈ సెక్రం తిరుగుతా నూరుతాది.” ఆయన కర్రతో నేలను పొడుస్తూ వెళ్ళాడు. నాలుగు అడుగుల దూరంలో కర్ర రాయికి తగిలింది. మట్టి తీస్తే కాలవ అంచు కనిపించింది. “సూడు. ఈ మేడకు గచ్చు నూరింది మీ ఇంటోళ్ళు. పూసింది మావోళ్ళయి ఉంటారు.”

నాగరత్నమ్మ చక్రాన్ని చూసింది. దాని మీద ముప్పై ఏళ్ళకు పైగా గుడ్డలారేసిన మనిషి.

అప్పుడు నేను చెప్పాను. “నాగరత్నమ్మా, ఆ బోర్డు రాయించింది నేనే. ఇక్కడికి రాకుండా, ఎవరినీ అడగకుండా, చిత్తూరు బస్టాండులో కూర్చుని రాయించాను. తర్వాత ఈ మేస్త్రీ చెప్తే అసలు పేరు తెలిసింది. తెలిసి కూడా మార్చలేదు.”

ఆమె నా మొహంలోకి చూసింది. “మీరు వానాకాలం వానాకాలం ఈడికొస్తానే ఉంటారు కదా సార్. మా ఇంట్లో నీళ్ళు కూడా తాగినారు ఒకసారి. ఒక మాట అడగలేకపోయినారా?”

“అడగలేదమ్మా.”

“సరే. నాకు చెప్పినారు. నాకు చెప్తే ఏం లాభం? ఊరికి చెప్పండి. మైకు పెట్టి చెప్పండి. నా కూతురు ఉన్నప్పుడు చెప్పండి.”

చెప్తానని మాటిచ్చాను. తిరిగొచ్చి చంద్రగిరిలో ఆటో దిగుతూ ఖాదర్, “ఆ కాలవను బాగా కడిగించండి సార్, ఎద్దు ఉంటే ఇప్పుడు కూడా పనిచేస్తాది” అన్నాడు.

అతిథి గృహంలో

నివేదిక రాశాను. మొదటి పేజీలో నా తప్పు, రెండో పేజీలో రాతి చక్రం, మూడో పేజీలో ఇందిర చదువు. మేడమ్ మూడో పేజీ దగ్గర ఆగి, ఇది అవసరమా అని అడిగారు. అవసరమేనన్నాను. ఆమె మారు మాట లేకుండా సంతకం చేశారు. పైనుంచి నాకు సంజాయిషీ కోరుతూ కాగితం వచ్చింది. తప్పు చేశాను అని రాసి పంపాను. అంత పొట్టి సంజాయిషీ అంతకుముందు చూడలేదని తర్వాత ఎవరో అన్నారు.

కొన్నాళ్ళకు బిల్లు పెట్టిన సభ్యుడు తిరుపతి వచ్చి అతిథి గృహానికి పిలిపించారు. తిడతారని సిద్ధపడి పోయాను. ఆయన ఒక్కరే ఉన్నారు. నా నివేదిక బల్ల మీద ఉంది.

“మీరు నన్ను తప్పుపడతారనుకున్నా. మిమ్మల్ని మీరే తప్పుపట్టుకున్నారు” అన్నారు.

“బిల్లులో ఉన్న తప్పులన్నీ మేం ఇచ్చినవే కదండీ.”

“గచ్చుమేడ అంటే ఏముందప్పా దాంట్లో? సభలో గచ్చు అని చెప్తే ఎవురన్నా చప్పట్లు కొడతారా?”

“కొట్టరండీ.”

“బసప్ప నాయని పేరు చెప్తే కొడతారు.”

“కొడతారండీ. ఆయన ఉన్నాడని తెలిస్తే ఇంకా బాగుంటుంది.”

ఆయన నవ్వుతారో కోప్పడతారో తెలియలేదు. రెండూ చెయ్యలేదు. మూడో పేజీ తీసి, “ఈ పాప నిజంగా బడి మానేసిందా?” అని అడిగారు.

“మానేసిందండీ.”

“మా ఊళ్ళో బసప్ప నాయని గురించి మా అవ్వ చెప్పేది. ఉన్నాడో లేడో నాకూ తెలీదు.” ఆయన కాగితాలు మడిచారు. “బిల్లు వెనక్కి తీసుకుంటే భయపడినాడంటారు. అది అట్లే పడి ఉండనీ. నేను దాన్ని ఎత్తను. మీరు పొయ్యిరండి.”

ఆయన మాట నిలబెట్టుకున్నారు. సభ గడువు తీరిపోయింది. చర్చకు రాని బిల్లులన్నిటితో పాటు అదీ రద్దయిపోయింది. చట్టం జాబితాలో ఇప్పటికీ పాత ఇంగ్లీషు పేరే ఉంది. ఇంగ్లీషులో చదివేవాళ్ళకు అది ఈరోజుకీ గజ్జి మేడే.

పేర్లు మార్చాలనే నాయకులను తిట్టడం మా శాఖలో అందరికీ అలవాటు. నేను తిట్టను. వాళ్ళు మన బోర్డులు చదివి, మన పుస్తకాలు చదివి, మనం ఊరుకోవడాన్ని ఒప్పుకోవడంగా తీసుకుని బిల్లులు రాస్తారు. ఒక పేరు ఎలా వచ్చిందో మనకు తెలిసి ఉంటే, అది బిల్లు దాకా పోకముందే చెప్పవలసింది మనమే.

చట్టం మార్చలేకపోయినా తెలుగు బోర్డు మార్చడానికి చట్టం అక్కర్లేదు. ఒక అధికారి సంతకం చాలు. ఎప్పుడూ అదే చాలు. నా చివరి నెలలో కొత్త బోర్డు పెట్టించాను. గచ్చుమేడ అని రాయించి, గచ్చు అంటే ఏమిటో, దాన్ని నూరిన గానుగ ఎక్కడుందో రెండు వాక్యాలు కింద చేర్చాను. పెయింటరు దగ్గర రోజంతా నిలబడ్డాను. పని అయిపోయిందనిపించి నాగరత్నమ్మకు చూపించాను.

“బోర్డు సదివేది టూరిస్టులు సార్. మమ్మల్ని గజ్జెలోళ్ళు అనేది టూరిస్టులా?” అంది.

గ్రామసభ

నేను రిటైరైన రెండో నెలలో మేడమిట్టలో గ్రామసభ జరిగింది. ఆఫీసు తరఫున పోవద్దని మేడమ్ ముందే చెప్పారు. ఇప్పుడు పోవడానికి నాకు ఆఫీసు లేదు. ఊరి సచివాలయం ముందు షామియానా వేశారు. నీళ్ళ ట్యాంకు, వీధి దీపాలు, పింఛన్లు అయిపోయాక సర్పంచు మైకు నాకిచ్చారు. కుర్చీల్లో నూరు మంది దాకా ఉన్నారు. ముందు వరుసలో నాగరత్నమ్మ. వెనక, షామియానా గుంజ దగ్గర ఒక ఆడమనిషి నిలబడి ఉంది. సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ఇందిర సెలవు పెట్టి వచ్చిందని సర్పంచు ముందే నాకు చెప్పారు.

మైకులో మాట్లాడటం నాకు చేతకాదు. ఎలా జరిగిందో అలాగే చెప్పాను. జాబితాలో పేరు చదివాను, కాఫీ హోటల్లో కూర్చున్నాను, పెయింటరు చెప్పిన మాట ఒప్పుకున్నాను. గజ్జి అన్నప్పుడు జనం నవ్వారు. మాస్టారు పుస్తకం సంగతి వచ్చేసరికి నవ్వు తగ్గింది. నాట్యగత్తె ఎవరూ లేరనీ, ఆ కథంతా నా బోర్డు లోంచి పుట్టిందనీ, గచ్చు నూరిన ఇంటివాళ్ళకు లేని వంశాన్ని నేను అంటగట్టాననీ చెప్పాను. వాళ్ళ అమ్మాయి చదువు నా వల్ల పోయిందని కూడా చెప్పాను.

ఒక పెద్దాయన లేచి, “మా చిన్నప్పుడు మేమూ గచ్చుమేడ అనే అనేవాళ్ళము కదప్పా, మర్చేపోయినాము” అన్నాడు. ఇంకో ఇద్దరు తలలాడించారు. తెలిసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు.

ఇందిర గుంజ దగ్గర నుంచి ముందుకొచ్చింది. ముప్పై నాలుగు, ముప్పై ఐదేళ్ళుంటాయి. నా ఎదురుగా నిలబడింది.

“అయిపోయిందా సార్?”

“అయిపోయిందమ్మా.”

“ఇది చెప్పను ఇన్నేండ్లు పట్టిందా?”

“పట్టిందమ్మా.”

ఆమె వాళ్ళమ్మ పక్కన ఖాళీ కుర్చీ ఉంటే పోయి కూర్చుంది. సర్పంచు లేచి, ఇకపైన ఆ ఇంటివాళ్ళను గానుగోళ్ళు అనే పిలవాలని తీర్మానం చేద్దామన్నారు. అట్లాంటిదానికి తీర్మానం ఉంటుందా అని ఎవరో అడిగారు. ఉన్నా లేకున్నా రాయమన్నారు.

సచివాలయంలో కొత్తగా చేరిన అమ్మాయి మినిట్స్ పుస్తకం పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. “సార్, మీరు చెప్పినట్టుగా రాస్తాండా. మీ పేరు?”

“చెంగల్రాయుడు.”

ఆమె రాసుకుంది. చదవమన్నాను. “చంగలరాయలు” అని చదివింది.

పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకోలేదు. పక్కనే నిలబడి ఒక్కో అక్షరం చెప్పాను. కొట్టేసి మళ్ళీ రాసింది. మళ్ళీ చదవమన్నాను.